రిమార్కుల గడి

నీటిపారుదల శాఖలో నేను పనిచేసిన ముప్పై నాలుగేళ్లూ కాలువ గేజీ రిజిస్టరుకు ఏడు గడులు ఉండేవి. తేదీ, వేళ, నీటి మట్టం, తూము తెరిచిన ఎత్తు, దిగువకు వదిలిన నీరు, సంతకం. అన్నిటికీ చివర రిమార్కులు. తూములు తెరిచి మూసే లష్కరు ఉదయం ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి మట్టం చూసి రాసేవాడు. వర్క్ ఇన్‌స్పెక్టరుగా నేను మొదట్లో సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద కాలువ గట్టున తిరిగి, సరిచూసి సంతకం చేసేవాణ్ణి.

ఒక యాసంగి పంటకాలంలో గేజీ నిండుగా చూపిస్తున్నా చివరి పొలాలకు నీరు అందడం లేదని రైతులు వచ్చి మా ఆఫీసు ముందు కూర్చున్నారు. ఇంజనీరు గారు అంకెలను మూడుసార్లు కూడి తీసివేశారు. నేను రిజిస్టరు తెప్పించి చూస్తే, చివరి గడిలో లష్కరు పెన్సిలుతో మూడు రోజులుగా ఒకే మాట రాస్తున్నాడు: "తుమ్మచెట్టు కాడ గండి పడ్డది." ఆ గడిని ఎవరూ చదవలేదు. ఆనాటి నుంచి నా కింద పనిచేసిన ప్రతివారికీ ఒక నియమం పెట్టాను. రిజిస్టరు తెరవగానే ముందు రిమార్కులు చదవాలి, ఆ తర్వాతే అంకెలు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ నియమాన్ని నేను తప్పలేదు. ఇంట్లో తప్పాను, అదీ నా ప్రాణం విషయంలో.

పదవీ విరమణ చేసిన నాలుగేళ్లకు నా కాలేయంలో క్యాన్సరు గడ్డ బయటపడింది. ఎప్పుడో, ఏ సూది వల్లనో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కాలేయాన్ని గట్టిపరిచి, చివరకు అక్కడ గడ్డ లేపిందని హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. గడ్డ చిన్నదే, ఎక్కడికీ పాకలేదు. కానీ దాన్ని ఒక్కదాన్నే కోసి తీస్తే, మిగిలే కాలేయానికి నన్ను బతికించే శక్తి లేదు. మొత్తం తీసేసి, దగ్గరి బంధువులలో ఎవరిదైనా కాలేయంలో ఒక భాగం తెచ్చి పెట్టాలి. ఇచ్చినవారి దగ్గర మిగిలినదీ, పుచ్చుకున్నవారికి పెట్టినదీ కొన్ని నెలల్లో పెరుగుతాయి.

ఇదంతా నేను శ్రద్ధగా రాసుకొని పెద్దపల్లికి తిరిగివస్తే, మా వాడలో అప్పటికే వేరే నిర్ధారణ జరిగిపోయింది. కార్జం, అంటే కాలేయం, పాడైందంటే తాగినట్టే. నేను జీవితంలో కల్లు ముట్టలేదు. దావత్‌లలో గ్లాసు బోర్లించుకొని కూర్చున్నందుకు నన్ను ఎగతాళి చేసినవారే ఇప్పుడు బత్తాయిలు పట్టుకొని వచ్చి, గొంతు తగ్గించి సలహాలు ఇచ్చారు.

"ఇగనన్న బందు పెట్టున్రి ఇన్‌స్పెక్టర్ సాబ్," అన్నాడు మా పక్కింటాయన. రైసుమిల్లులో గుమాస్తా. "జర మనసు గట్టిగ చేస్కోవాలె."

"ఏం బందు పెట్టాలె?"

"అదే సాబ్. మీకు తెల్వదా?"

"నేను తాగను."

"అందరు గట్లనే అంటరు," అని ఆయన మా ఆవిడ వైపు జాలిగా చూశాడు.

మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "మా ఆయన చాయ్ సుత సగం కప్పే తాగుతడు. మొన్న మీరు తాగొచ్చి మా గేటు పట్టుకొని ఊగితె కీలు వంగింది. ముందుగాల అది బాగు చేయించున్రి," అంది.

వైరస్ సంగతి వివరంగా ఒక పేజీ రాసి, జిరాక్సు తీయించి, గేటుకు అంటించాను. ఎవరూ చదవలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. రోగికి రోగం చాలదా, పైన నడవడి పరీక్ష కూడా రాయాలా?

మా ఆవిడకు షుగరు ఉంది కాబట్టి ఆమె పనికిరాదన్నారు. మస్కట్‌లో ఉన్న మా కొడుకు రక్తం గ్రూపు కలవలేదు. ఇక మిగిలింది మా చెల్లె. బోథ్ దగ్గర పత్తి చేను చేసుకుంటుంది. ఆమెకు చెప్పవద్దని నేను అన్నాను. మా ఆవిడ ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పింది. మరునాడు మధ్యాహ్నానికి చెల్లె చేతిసంచితో మా ఇంటి ముందు ఆటో దిగింది.

ఆమె నాకంటే పదహారేళ్లు చిన్నది. నేను పదో తరగతిలో ఉండగా పుట్టింది. అమ్మ నాట్లకు పోతే ఆమెను చంకన వేసుకొని పరీక్షలకు చదివాను.

"మేకను కోస్తె కార్జం ఇంటింటికి తలా రెండు ముక్కలు పంచుతం గదన్నా," అంది చెప్పులు విడుస్తూనే. "నాదాంట్ల నీకో ముక్కిస్త. మిగిలింది నాకు సాలు."

"పిచ్చి మాటలు మాట్లాడకు. నీకు పిల్లలున్నరు. బావకు ఏం జెప్పొచ్చినవ్?"

"అన్నకు కార్జమిస్తున్న అని చెప్పిన. పత్తెవరు ఏరుతరు అన్నడు. నువ్వే ఏరుకో అన్న. జరసేపు ఏడ్సిండు. అటెన్క బస్సెక్కిచ్చిండు."

మూడు రోజులు నేను ఊ అనలేదు. నాలుగో రోజు అన్నాను. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయిన తర్వాత, ఇచ్చేవారు ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని విచారించే కమిటీ ముందు ఆమెను కూర్చోబెట్టారు. మాట్లాడేది వీడియో తీస్తారు. పక్క కుర్చీలో నేను ఉన్నాను.

"అమ్మా, మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?" అని ఒక పెద్దమనిషి అడిగారు.

"బలవంతం జరిగింది సార్. నేనే మా అన్నను జేసిన. మూడు దినాలు మూతి ముడ్సుకొని కూసున్నడు."

కమిటీవారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంతటి ప్రశ్నకు జవాబు పరిహాసంగా నమోదు కావడం నాకు నచ్చలేదు. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. అంతకంటే సరైన జవాబు నాకూ తట్టలేదు.

శస్త్రచికిత్స గురించి నా దగ్గర రాత లేదు. ఆ రెండు రోజుల పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే నేను స్పృహలో లేను. నా మొదటి నమోదు వంకర అక్షరాలతో ఉంది: "చెల్లె అద్దం బయట నిలబడింది. తన కడుపు చూపించి, నా కడుపు చూపించి, రెండు వేళ్లు ఎత్తింది." రెండు చోట్లా బాగానే ఉందని ఆమె అర్థం.

ఇంటికి వచ్చాక కొత్త పుస్తకం తీసి, పాత అలవాటు ప్రకారం ఏడు గడులు గీశాను. వేళ, వేసుకున్న మాత్ర, జ్వరం, బరువు, తాగిన నీరు, తిన్న తిండి, చివర రిమార్కులు. శరీరం కొత్త కాలేయాన్ని పరాయిదిగా భావించి దాడి చేయకుండా, ఒంటి కాపలాను తగ్గించి ఉంచే మాత్రలు పన్నెండు గంటలకు ఒకసారి తప్పకుండా వేసుకోవాలి. ఎన్నింటికి వేసుకుంటారని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే, ఉదయం ఆరు, సాయంత్రం ఆరు అన్నాను. నా జీవితంలో అంత సులువుగా చెప్పిన జవాబు మరొకటి లేదు. చూడవచ్చినవారిని కిటికీ అవతలే నిలబెట్టాం. అలిగినవారు అలిగారు. మూడో వారానికి గేటు దాకా నడిచాను. రెండో నెలకు వాడ చివర దాకా, నాలుగో నెలకు రైలు గేటు దాకా వెళ్లి వచ్చాను. రక్తపరీక్షల అంకెలు నెలనెలా దిగివచ్చాయి. చెల్లె అప్పటికే బోథ్ వెళ్లి మళ్లీ చేన్లో దిగిందని తెలిసి ఫోనులో కేకలు వేశాను. ఆమె ఫోను బావకు ఇచ్చి వెళ్లిపోయింది.

ఐదో నెలలో చెల్లె నన్ను చూడడానికి వచ్చింది. భుజాన సంచి, సంచి నిండా వేలెడు లావు పచ్చి తీగలు.

"ఏందే ఇది?"

"తిప్పతీగ. మా చేను కంచె మీద అల్లుకున్నది. ఉడకబెట్టి తాగితె ఏ రోగం దగ్గరికి రాదు. కరోనాల మా ఊరు ఊరంత గిదే తాగినం."

"డాక్టరును అడగకుంట ఏ మందు తీస్కోవద్దని రాసిచ్చిన్రు."

"మందైతె అడుగు. గిది తీగ. తీగను పట్టుకొని మందంటవేంది?"

"తాగున్రి," అంది మా ఆవిడ లోపలి నుంచి. "మొక్క పెట్టినామె నీళ్లు పోస్తాంటె మీదేం బోయింది?"

చెల్లెకు ఏమని అడ్డు చెప్పను? నా పక్కటెముకల కింద ఉన్నది ఆమెది. ఆ చేతితో ఇచ్చిన గ్లాసును వద్దనడానికి నోరు రాదు. తాగాను. తాగి, పద్ధతి ప్రకారం ఏడో గడిలో రాశాను: "కషాయం, అర గ్లాసు, చెల్లె ఇచ్చినది." రాసిన తర్వాత మనసు కుదుటపడింది. మా శాఖలో కూడా అంతే. రిజిస్టరుకు ఎక్కిన పని సక్రమమైన పనే అనే భ్రమలో మేమందరం బతికాం.

చెల్లె పది రోజులు ఉండి వెళ్లింది. వెళుతూ తీగలను ముక్కలు చేసి, ఎండబెట్టి, కట్టలు కట్టి వదినెకు అప్పగించింది. కషాయం ఆగలేదు. ఏడో గడిలో ఆ మాట కూడా ఆగలేదు; కొన్నాళ్లకు పూర్తిగా రాయడం దండగనిపించి "క. అ.గ్లా." అని కుదించాను.

నెల తిరిగేసరికి రక్తపరీక్షలో కాలేయం అంకెలు కాస్త పెరిగాయి. పదిహేను రోజుల తర్వాత చేసిన పరీక్షలో ఇంకా పెరిగాయి. నేను విచారణ మొదలుపెట్టాను. మొదటి అనుమానం ల్యాబు మీద. మాత్రల మోతాదు చూసే పరీక్షకు రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందే తీయాలి. రక్తం తీసే అమ్మాయి ఒకరోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

"ఆరు గంటల మాత్ర నీ కోసం ఆగాల్నా?" అన్నాను.

"రైలు గేటు పడ్డది సార్. గూడ్సు బండి పోతనే ఉన్నది, నేనేం జెయ్యాలె?"

"గేటు పడుతదని తెల్సినప్పుడు ముందుగాల బయలెల్లాలె."

ల్యాబు యజమానికి పేరాలకు అంకెలు వేసి మూడు పేజీల ఫిర్యాదు పంపాను. తర్వాత మందుల దుకాణానికి వెళ్లి, మాత్రల డబ్బా రంగు ఎందుకు మారిందని నిలదీశాను. పుస్తకం మొత్తం ముందు వేసుకొని, వేళలు సరిచూశాను, బరువు సరిచూశాను, జ్వరం సరిచూశాను. ఎర్ర సిరాతో గీతలు గీశాను. చివరి గడి మాత్రం చదవలేదు. అది రాసింది నేనే కదా, అందులో ఉన్నది నాకు తెలిసిందే కదా అనుకున్నాను.

ఒక ఉదయం మా ఆవిడ నా మొహం వెలుగులోకి తిప్పి చూసింది. "కండ్లు పచ్చగైనయ్," అంది. ఆ వారం పరీక్ష ఫలితం చూసి డాక్టరమ్మ స్వయంగా ఫోను చేశారు. వెంటనే బయలుదేరి రావాలి. శరీరం కాలేయాన్ని తిరస్కరిస్తూ ఉండవచ్చు.

దారి పొడుగునా నేను ఒకే సంగతి ఆలోచించాను. ఇది పోతే నాకు మరొకటి దొరకడం అంత తేలిక కాదు. చెల్లె ఇవ్వగలిగింది ఒక్కసారే. ఆమె దగ్గర రెండోసారి కోయడానికి వీల్లేదు. అంత కోత ఆమె ఊరికే పడ్డట్టు అవుతుంది. నా చావుకంటే ఆ మాట నన్ను ఎక్కువ బాధించింది. ఆసుపత్రికి చేరేసరికి ఆమె మాకంటే ముందే వచ్చి, గేటు దగ్గర అరుగు మీద కూర్చుని ఉంది. మా ఆవిడ ఫోను చేస్తే తెల్లారకముందే బస్సెక్కిందట.

డాక్టరమ్మ నా పుస్తకం అడిగి తీసుకున్నారు. నేను ఎర్ర సిరా గీతలు చూపించబోయాను. ఆమె వేలితో ఆపి, తిన్నగా చివరి గడికి వెళ్లారు. నా నియమాన్ని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"ఈ 'క. అ.గ్లా.' ఏమిటండీ? నలభై రోజుల పైగా ఉంది."

నేను చెప్పాను. ఆమె పుస్తకం మూశారు.

"తిప్పతీగ ఒంట్లో కాపలాను పెంచుతుందని కదా అందరూ తాగేది. మేము ఆ కాపలాదారును కష్టపడి నిద్రపుచ్చుతున్నాం. మీరు పొద్దున్నే అర గ్లాసుతో తట్టి లేపుతున్నారు. పైగా కొందరిలో అది కాలేయాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. మీ విషయంలో ఇదొక్కటే కారణమని నేను కచ్చితంగా చెప్పలేను. కానీ ఈ క్షణం నుంచి బంద్. ఎవరు ఇచ్చారు?"

"నేనే తాగాను మేడం," అన్నాను.

"నేను పోసిన డాక్టరమ్మా," అంది తలుపు దగ్గర నిలబడిన చెల్లె. "ఆయన వద్దనే అన్నడు. ఆయన తప్పేం లేదు, ఆయన రాసుకున్నడంతే."

"రాసుకున్నారు కాబట్టే ఇంత తొందరగా దొరికిందమ్మా," అన్నారు డాక్టరమ్మ.

సూదితో కాలేయం ముక్క తీసి పరీక్షించారు. తిరస్కారం మొదలైంది గాని ఇంకా తొలిదశలోనే ఉందన్నారు. మూడు రోజులు వరుసగా మందు ఎక్కించారు. ఆ మొదటి రోజంతా చెల్లె నా మంచం పక్కన, నావైపు వీపు పెట్టి కూర్చుంది. సాయంత్రం మాత్ర వేసుకోవడానికి నీళ్లు అందించినప్పుడు మాట్లాడింది.

"పెద్దోనివి. ఇన్నేండ్లు నౌకరి జేసినవ్. వద్దు అంటె వద్దని గట్టిగ అనరాదా?"

"నీ మనసు నొచ్చుకుంటదని."

"మనసు నొచ్చుకుంటె ఏమైతుండె? రెండు దినాలకు మంచిగైతది. నా కడుపు కోసిన్రు, అదే మంచిగైంది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "డాక్టరు వద్దన్నరు చెల్లె, ఇది తాగితె పోత అని నువ్వంటె, ఆ తీగను నేనే పీకి బర్రెకేద్దును. నువ్వేం జేసినవ్? పుస్తకంల రాసుకున్నవ్. నేను అయిదో తరగతి. నీ పుస్తకం ఎన్నడన్న సదివిన్నా?"

లష్కరు పెన్సిలు రాత చదవలేదని ఒకప్పుడు ఆఫీసు మొత్తాన్ని నిలబెట్టి తిట్టిన మనిషిని నేను.

మూడో రోజు అంకెలు దిగడం మొదలుపెట్టాయి. నర్సు కాగితం ఇచ్చి వెళ్లగానే చెల్లెకు చదివి వినిపించబోయాను.

"అంకెలు నాకెందుకు? దిగినయా, ఎక్కినయా?"

"దిగినయ్."

"అయితె ఏడో గడి సదువు."

ఆ రోజు ఏడో గడిలో ఉన్నది చదివాను: "చెల్లె పొద్దటి నుంచి అన్నం తినలేదు." ఆమె విని, లేచి, క్యాంటీనుకు వెళ్లి తిని వచ్చింది.

పెద్దపల్లికి తిరిగి వచ్చిన మరునాడే ల్యాబుకు వెళ్లాను. రక్తం తీసే అమ్మాయిని పిలిచి, నా ఫిర్యాదు తప్పని అందరిముందు చెప్పాను. అదే సంగతి రాతపూర్వకంగా ఒక పేజీ ఇచ్చాను.

"మీ మొదటి ఉత్తరం మా ఓనరు సదవనే లేదు సార్," అంది ఆమె నవ్వుతూ. "మూడు పేజీలున్నదని పక్కన పెట్టిండు. ఇదైతె సదువుతడు."

ఆలస్యం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదని ఆమెకు స్పష్టం చేసి వచ్చాను. ఇప్పుడు ఆమె గూడ్సు బండి కంటే ముందే వస్తుంది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. గడ్డ తిరిగి రాలేదు. మూడు నెలలకు ఒకసారి హైదరాబాదు వెళ్లి స్కానింగు చేయించుకొని వస్తున్నాను. మాత్రల సంఖ్య తగ్గింది, వేళలు తగ్గలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి మాత్ర వేసుకోగానే ఫోను మోగుతుంది. బోథ్ నుంచి చెల్లె. పలకరింపులు ఉండవు.

"సదువు," అంటుంది.

ఈ రోజు కూడా చదివాను: "రైలు గేటు దాటి మార్కెట్టు దాకా నడిచాను. ఉడికించిన మక్క కంకి ఒకటి తిన్నాను. పక్కింటి గుమాస్తా మళ్లీ అడిగాడు, తాగుడు నిజంగానే మానుకున్నారా సాబ్ అని. జవాబు ఇవ్వలేదు."

"ఎందుకియ్యలే?"

"గేటుకు రాసి అంటించిన గద. అది సదవనోనికి ఏం జెప్తం?"

"మల్ల రాసుడే! ఇప్పుడు నీ కడుపుల ఉన్నది నా కార్జం. ఆయన అంటాంది నిన్ను గాదు, నన్ను. ఇది మా చెల్లె కార్జం, ఆమె తాగదు, నేను తాగ అని జెప్పు పో."

"సరే, రేపు పొద్దున—"

"ఇప్పుడే. నోటితోని. నేను ఫోను పెట్టను, వింట."

ఫోను చేతిలో పట్టుకొని, చెప్పులు వేసుకొని, కీలు వంగిన గేటు తీసుకొని పక్కింటికి వెళ్లాను. గుమాస్తా వరండాలో చాయ్ తాగుతున్నాడు. అతని ముందు నిలబడి, చెల్లె చెప్పినది చెప్పినట్టుగా, పెద్ద గొంతుతో చెప్పాను. అతను గ్లాసు చేతిలో పట్టుకొనే నన్నూ ఫోనునూ మార్చి మార్చి చూశాడు. ఫోనులోంచి చెల్లె, "ఇన్నవా పెద్దమనిషీ?" అంది.

"ఇన్న తల్లీ, ఇన్న," అన్నాడు.

ఇంటికి వచ్చి, కలం తీసి, ఏడో గడిలో "జవాబు ఇవ్వలేదు" అన్న మాట కొట్టేసి, సంతకం పెట్టి, పైన రాశాను: "చెప్పాను."